సైడ్ ఇచ్చిన పసుపు కారు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ అంటారు. ఆ కోపంతో నేను పాడుచేసుకున్నవి చాలానే ఉన్నాయి. తలచుకుంటే నవ్వొచ్చేవే ఎక్కువ. ఇది మాత్రం నవ్వొచ్చేది కాదు. కంప్యూటర్‌లో ఆడే కార్ల పందెం గురించి ఇంత చెప్పాలా అని ఎవరికైనా అనిపిస్తే వాళ్ళ తప్పేం లేదు. అప్పట్లో నాకూ అది ఆటే.

రెండు వేల ఎనిమిది, తొమ్మిది నాటి సంగతి. డిగ్రీ, బి.ఇడి. అయిపోయి టీచర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాను. ఊరికే ఇంట్లో కూర్చుంటే పెళ్ళి మాటలు మొదలవుతాయని తెనాలిలోనే ఒక నెట్ సెంటర్‌లో ఆపరేటర్‌గా చేరాను. హాల్ టికెట్లు తీసివ్వడం, రిజల్ట్స్ చూసిపెట్టడం, బయోడేటాలు టైపు చేయడం నా పని. వీటన్నిటికంటే నాకు పేరు తెచ్చింది అర్జీలు. ఇంగ్లీషులో అర్జీ కావాలంటే మా సెంటర్‌కే వచ్చేవాళ్ళు. జరిగింది తెలుగులో చెబుతుంటే నేను అక్కడికక్కడే ఇంగ్లీషులో కొట్టేసేదాన్ని. ఒకసారి ఒకే గోడ గురించి తగాదా పడుతున్న ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళు, పొద్దున ఒకరు సాయంత్రం ఒకరు వచ్చి, ఇద్దరూ నా చేతే రాయించుకుని వెళ్ళారు. ఇద్దరి పక్షానా న్యాయం ఉన్నట్టే రాసిచ్చాను. పని అలాంటిది మరి.

మా ఓనరు మోజుపడి ఒక స్టీరింగు, కాలితో తొక్కే పెడల్సు కొని మూల కంప్యూటర్‌కి తగిలించాడు. కాలేజీ కుర్రాళ్ళు సాయంత్రాలు దాని చుట్టూ మూగేవాళ్ళు. పదకొండు నుంచి నాలుగు దాకా సెంటర్ ఖాళీ. కరెంటు ఉంటే నేను, తిరిగే ఫ్యాను, ఆ స్టీరింగు. ఎంతసేపని గోళ్ళు గిల్లుకుంటాం? కూర్చున్నాను. నెల తిరిగేసరికి మా సెంటర్‌కి వచ్చే వాళ్ళెవరూ నన్ను అందుకోలేకపోయారు. ఈ ముక్క గొప్పకి చెప్పడం లేదు. గొప్పకే చెబుతున్నాను, నిజమే కాబట్టి.

ఆ ఆట నెట్‌లో ఆడేది. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో ఒకే ట్రాక్ మీదకి వస్తారు. పేరు నమోదు చేసుకోవడం ఉచితం. ఒక మనిషికి ఒకే పేరు, రెండోది తీసుకుంటే మూసేస్తారు. ప్రతి పేరుకీ రెండు లెక్కలు ఉండేవి. ఒకటి పాయింట్లు: నీకంటే గట్టివాడి మీద గెలిస్తే ఎక్కువ వస్తాయి, నీకంటే తక్కువవాడి చేతిలో ఓడిపోతే ఎక్కువ పోతాయి. రెండోది గ్రేడు. దానికీ వేగానికీ సంబంధం లేదు. ఎవరికీ తగలకుండా, ఎవరినీ నెట్టకుండా నడిపితే గ్రేడు పెరుగుతుంది. ఎ నుంచి ఇ దాకా ఉండేది. పాయింట్లు బాగా ఉండి, గ్రేడు కూడా ఎ అయితేనే పై గది తలుపు తెరుచుకుంటుంది. పై గది అని మేం పెట్టుకున్న పేరు. అసలైన ఆటగాళ్ళు శనివారం శనివారం అక్కడ పందెం వేసుకునేవాళ్ళు. మిగతా వాళ్ళం బయట నుంచి చూడటమే. నాకు ఆ గదిలోకి వెళ్ళాలని ఎంత కోరికగా ఉండేదో ఇప్పుడు చెబితే మా పిల్లలు నవ్వుతారు. నోటిఫికేషన్ వస్తుందో రాదో నా చేతిలో లేదు. ఇది నా చేతిలో ఉంది. అంతే.

పాయింట్లు నాకు ఇబ్బంది కాలేదు. గ్రేడు దగ్గరే వచ్చింది తంటా. మొదట్లో నా తప్పు ఏమిటంటే మర్యాద. మన రోడ్ల మీద వెనక నుంచి వేగంగా వచ్చేవాడు హారన్ కొట్టినా లైటు వేసినా ముందున్నవాడు ఎడమకి జరిగి సైడ్ ఇస్తాడు. ఇవ్వకపోతే వాడిది పొగరు. చేబ్రోలు మీదుగా గుంటూరు వెళ్ళే బస్సులో డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని ఆరేళ్ళు చదువుకి తిరిగినదాన్ని, ఇది నాకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఆటలో కూడా ఎవరైనా వెనక లైటు వేయగానే ఠక్కున ఎడమకి జరిగేదాన్ని. వాడు సరిగ్గా ఆ ఎడమకే వచ్చి ఉండేవాడు. ఢాం. మూడుసార్లు అలా అయ్యాక నిబంధనల పుస్తకం మొత్తం తీసి చదివాను. అక్కడ రాసింది పూర్తిగా తలకిందులు. వెనకవాడు ఎంత వేగంతో వచ్చినా ముందున్నవాడు తన దారి వదలకూడదు. దాటుకుని పోవడం వెనకవాడి పని, వాడి తిప్పలు వాడివి. లైటు వేయడమంటే జరగమని కాదట, నేనున్నాను చూసుకో అని అట. ఆ పేజీ ప్రింటు తీసి స్టీరింగు పైన గోడకి అంటించాను.

తర్వాత నా తప్పు కోపం. ఎవడైనా నాకు తగిలాడంటే వాడిని వెతికి పట్టుకుని, మలుపులో పక్క నుంచి ఒక్కటిచ్చి గడ్డిలోకి పంపితే గానీ నాకు అన్నం సహించేది కాదు. నా గ్రేడు డి దాకా జారింది. అక్కడి నుంచి పైకి రావాలంటే దారి ఒక్కటే: వరసగా ఇరవై అయిదు పందేలు ఎవరికీ తగలకుండా పూర్తి చేస్తే ఒక మెట్టు. మధ్యలో ఒక్కటి తగిలినా లెక్క మళ్ళీ సున్నా నుంచి. పళ్ళు బిగించుకుని డి నుంచి సి, సి నుంచి బి ఎక్కాను. ఏడాది పట్టింది. చివరికి బి లో ఇరవై నాలుగు పందేలు అయ్యాయి. ఇంకొక్కటి మిగిలింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మన చుట్టుపక్కల వాళ్ళం ఒకే పందెంలో చేరేవాళ్ళం. బాపట్లలో ఒక సెంటర్ నుంచి నలుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు వచ్చేవాళ్ళు. మాటలన్నీ వాళ్ళవే, పక్కన టైపు చేసుకునే డబ్బాలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఒకటే వాగుడు. తెనాలి నుంచి నేను, ఎర్ర కారు. నేను ఆడపిల్లనని వాళ్ళకి తెలియదు, నేనూ చెప్పలేదు. రేపల్లె నుంచి ఒక పసుపు కారు. అది ఎప్పుడూ ఆఖరే. ట్రాక్ మీద పెళ్ళి ఊరేగింపులో వెళుతున్నట్టు వెళ్ళేది. బాపట్ల వాళ్ళు ఆటపట్టించని రోజు లేదు. ఆ కారు నుంచి జవాబు ఎప్పుడూ వచ్చేది కాదు. కానీ దాని గ్రేడు ఎ. ఏడాదిన్నరగా ఎ. ఎవరికీ ఒక్కసారి కూడా తగల్లేదు. నాకు దాన్ని చూస్తే లోపల కాస్త మంటగానే ఉండేది. అంత నెమ్మదిగా పోతే ఎవరికైనా వస్తుందిలే ఎ అనుకునేదాన్ని.

నా ఇరవై అయిదో పందెం ఒక ఆదివారం పడింది. ఆఖరు చుట్టుకి ముందు చుట్టులో ఉన్నాను. వెనక ఎవరూ దగ్గరలో లేరు, ముందు పసుపు కారు ఒక్కటే, నాకంటే ఒక చుట్టు తక్కువలో. ఎడమ మలుపు వస్తోంది. పసుపు కారు కుడి పక్కన పోతోంది. నేను లైటు వేసి, ఎడమ లోపలి నుంచి దూరిపోదామని బండి దించాను. పసుపు కారు ఎంతో నిదానంగా, ఎంతో పద్ధతిగా ఎడమకి జరిగింది. రెండూ కలిసి గడ్డిలోకి పోయాయి.

వెనక నుంచి వచ్చి తగిలినవాడిదే పెద్ద తప్పని యంత్రం లెక్క. తెర మీద ఇరవై నాలుగు పోయి సున్నా వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ వెనక్కి తన్ని లేచాను. హాల్ టికెట్ కోసం వచ్చిన ఒక పెద్దాయన భయపడి, తర్వాత వస్తానమ్మా అని వెళ్ళిపోయారు.

ఫిర్యాదు చేసుకునే వీలుంది. ఏదో దేశంలో కూర్చున్న రిఫరీలు పందెం రికార్డు చూసి తీర్పు చెబుతారు. ఫిర్యాదు కాగితంలో ఒక ప్రశ్న ఉంది: అవతలివాడు పొరపాటున చేశాడా, కావాలని చేశాడా? పొరపాటు అని పెడితే ఇద్దరికీ కోత పడుతుంది, నా సున్నా సున్నాగానే ఉంటుంది. కావాలని అని తేలితే తప్పు మొత్తం అవతలివాడిది, నా లెక్క నాకు వెనక్కి వస్తుంది. పసుపు కారు ఎందుకు జరిగిందో ఈ భూమి మీద అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే. నేనూ అలాగే మూడుసార్లు జరిగాను. లైటు చూసి సైడ్ ఇచ్చింది, అంతే. తెలిసే, కావాలని అనే దగ్గర టిక్కు పెట్టాను. అర్జీలు రాసే చేయి కదా, కింద పది వరుసలు గట్టిగా రాశాను. ముందంతా కుడి పక్కనే పోయి, నేను దగ్గరికి రాగానే నా దారిలోకి వచ్చాడని. రాసిన ఒక్కో ముక్కా నిజమే. కలిపి చదివితే అబద్ధం.

మూడు రోజుల్లో తీర్పు వచ్చింది. నా మాట నెగ్గింది. ఇరవై అయిదు పూర్తయినట్టు లెక్క, గ్రేడు ఎ. శనివారం నుంచి పై గదికి రావచ్చని ఆహ్వానం. పసుపు కారు గ్రేడు ఎ నుంచి డి. ఏడు రోజుల్లో జవాబు చెప్పుకోవచ్చని కింద రాసుంది. సాయంత్రం సెంటర్‌లో అందరికీ సమోసాలు తెప్పించాను.

మర్నాడు పొద్దున సెంటర్‌కి ఫోన్ వచ్చింది. రేపల్లెలో నెట్ సెంటర్ నడిపే అతను. బాపట్ల కుర్రాళ్ళు నంబరు ఇచ్చారట. వాళ్ళ మామగారికి ఇంగ్లీషులో ఒక కాగితం రాసిపెట్టాలని, మీరైతే బాగా రాస్తారని విన్నానని చాలా మర్యాదగా అడిగాడు. విషయం మొత్తం చెప్పాడు. మీ సెంటర్‌కి వచ్చే కుర్రాడెవడో పొగరుబోతు, మా మామయ్య గారి మీద లేనిపోనిది రాసి పంపాడండి, ఆయన నిన్నటి నుంచి సరిగ్గా అన్నం తినడం లేదండి అన్నాడు. ఆ పొగరుబోతు కుర్రాడిని నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. జవాబు ఆయన పేరుతోనే పంపాలి కాబట్టి నేనే వస్తానన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. ఆ తర్వాతి రోజు మా వీధికి కరెంటు తీసేస్తారని ముందే చెప్పారు, సెంటర్ ఎలాగూ మూతే. పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాను.

ఆయనకి యాభై అయిదు పైన ఉంటాయి. బక్కగా, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉన్నారు. ఎడమ కన్ను తెల్లబడిపోయి ఉంది. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపారట. కన్ను పోయాక లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్ళలో ఒక కుక్కపిల్లకి కూడా తగల్లేదని అల్లుడే చెప్పాడు, ఆయన కాదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక అల్లుడి సెంటర్‌కి వస్తుంటే, కుర్రాళ్ళ ఆట చూసి ఒకరోజు నేనూ పట్టుకోనా అని అడిగారట. ఒంటి కన్నుతో ఎలా అని అల్లుడు సందేహిస్తే, అద్దం మీద బొమ్మే కదయ్యా, ఇక్కడ అందరూ ఒంటి కన్నువాళ్ళే అన్నారట. అది నిజమే, తెర మీద దూరం రెండు కళ్ళున్నా తెలియదు. నాకు ఎప్పుడూ తట్టలేదు.

స్టీరింగు ముందు కూర్చునే ముందు చెప్పులు విప్పారు. స్టీరింగు ముట్టుకుని కళ్ళకి అద్దుకున్నారు. తన పేరు, దాని పక్కన డి అన్న అక్షరం తెర మీద తెచ్చి చూపించారు. పక్క గోడ మీద ఆయన ఎ గ్రేడు పేజీ, ప్రింటు తీసి లామినేషన్ చేయించి, మేకుకి తగిలించి ఉంది. దాని మీద దుమ్ము లేదు. లైసెన్సు పోయాక బండి నడపడం వచ్చని చెప్పే కాగితం ఆయనకి అదొక్కటే. నాకు అక్కడి నుంచి లేచి పారిపోదామా అనిపించింది.

భోజనానికి వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన కూతురు చింతచిగురు పప్పు, చేపల పులుసు వండింది. కొసరి కొసరి వడ్డించింది. పెరుగన్నం దాకా తిన్నాను. అక్కడే చెప్పేశాను.

"బాబాయ్ గారూ, ఆ ఎర్ర కారు నాదేనండి. ఆ ఫిర్యాదు రాసింది కూడా నేనే."

కూతురు చేతిలో గరిటె ఆగిపోయింది. అల్లుడు నా వైపు చూడకుండా కంచం వైపు చూశాడు. ఆయన మాత్రం నన్నే అడిగారు.

"లైటు వేశారు కదమ్మా మీరు?"

"వేశానండి."

"అదే. సైడ్ ఇద్దామని జరిగాను. తప్పా?"

ఆ ఆట ప్రకారం తప్పని, అది పుస్తకంలో ఉందని, అయినా కావాలని చేసింది కాదని నాకు తెలుసని, కోపంలో అలా రాశానని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తల ఊపి, ఎవరూ చెప్పలేదమ్మా నాకు, చదువుకున్నవాళ్ళు చెప్పాలి కదా అన్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మజ్జిగ పోయమ్మా అని ఆయన కూతురితో అన్నారు.

మధ్యాహ్నం సెంటర్‌కి తిరిగి వచ్చి, ఆయన పేరు మీద జవాబు టైపు చేశాను. మా దేశపు రోడ్ల మీద లైటు వేస్తే జరిగి దారి ఇవ్వడం మర్యాద అని, ముప్ఫై ఏళ్ళ అలవాటు అని, ఇకపై మీ నియమం పాటిస్తానని. నా జీవితంలో అంత బాగా ఇంకే అర్జీ రాయలేదు. అది పంపి, అదే ఊపులో అదే కుర్చీలో కూర్చుని, నా పేరుతో లోపలికి వెళ్ళి, నా ఫిర్యాదు తప్పు, వెనక్కి తీసుకుంటున్నానని ఇంకో కాగితం రాసి పంపాను. పై గది పోతుందని తెలుసు. పోతే పోయింది, మళ్ళీ ఇరవై అయిదు నడుపుకుంటాను అనుకున్నాను. ఆ సాయంత్రం పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని, భట్టిప్రోలు దాకా నన్ను నేనే మెచ్చుకుంటూ వచ్చాను.

రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది, ఇద్దరికీ ఒకటే. రెండు కాగితాలూ పది నిమిషాల తేడాలో ఒకే కంప్యూటర్ నుంచి వచ్చాయి. రెండిటి మొదటి వరుస, చివరి వరుస అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కాబట్టి ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని తేల్చాం. ఆ పందెం రద్దు. ఏ పేరు లెక్క ఆ పేరుకి పందేనికి ముందున్నట్టే ఉంటుంది. అయితే ఒక మనిషికి ఒకే పేరు గనుక, ఏది ఉంచుకుంటారో మూడు రోజుల్లో చెప్పండి. రెండోది శాశ్వతంగా మూసేస్తాం. అది వాడిన చోటు నుంచి కొత్త పేరు తీసుకున్నా మూసేస్తాం. చెప్పకపోతే రెండూ పోతాయి.

రోజుకి యాభై మంది ఎక్కి దిగే కంప్యూటర్లతో బతికేదాన్ని, ఒక కంప్యూటర్ అంటే ఒక మనిషి అనుకునే వాళ్ళు ఎక్కడో ఉంటారని నాకు తట్టనే లేదు. అర్జీ మొదట్లో అయ్యా అని, చివర్లో తమ దయ కోరుతూ అని అందరికీ ఒకేలా రాసే చేయి నాది. వెంటనే మళ్ళీ రాశాను. మేం ఇద్దరు మనుషులం, రెండు ఊళ్ళు, మధ్య ముప్ఫై కిలోమీటర్ల పైన దూరం, నేను ఆయన తరఫున రాశాను, ఇక్కడ ఇలాగే రాస్తాం అని. జవాబు ఒక్క వరుస: నిర్ణయం మారదు, ఏది ఉంచాలో చెప్పండి. కోపంలో సగం నిజం రాస్తే నమ్మారు. మొత్తం నిజం రాస్తే నమ్మలేదు.

అంటే ఇద్దరిలో ఒకరే. ఆయన పేరు ఉంచితే ఎ గ్రేడుతో ఉంటుంది. నా పేరు ఉంచితే బి, ఇరవై నాలుగు పందేలతో. ఇంకొక్కటి నడిపితే పై గది.

మొదటి రోజు ఆయన పేరే రాయాలని నిశ్చయించుకున్నాను. నిశ్చయించుకుని, ఎందుకో పంపలేదు. రెండో రోజు లెక్కలు వేశాను. ఆయనకి పాయింట్లు లేవు, ఎప్పటికీ రావు, పై గదికి ఆయన ఎలాగూ వెళ్ళరు. నాకైతే ఏడాది కష్టం. ఇలా నాకు నేను ఎన్ని న్యాయాలు చెప్పుకున్నానో, గోడ తగాదా వాళ్ళకి కూడా అన్ని రాసి ఉండను. మూడో రోజు ఉదయం సిగ్గు విడిచి రేపల్లెకి ఫోన్ చేశాను. ఆయన్నే పిలిపించమన్నాను. తీర్పు ఏమొచ్చిందో చెప్పాను. ఆయన ఏం చెబుతారో నాకు ముందే తెలుసు. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. తెలిసే ఫోన్ చేశాను.

"మీకు ఇంకా ఎన్ని కావాలమ్మా, ఆ పై గదికి?"

"ఒక్కటేనండి."

ఫోన్‌లో వెనక ఎవరో ప్రింటు అడుగుతున్నారు, అల్లుడు ఉండమంటున్నాడు.

"అయితే మీదే ఉంచమని రాసేయండి. చిన్నవాళ్ళు, ముందుకి పోవాల్సినవాళ్ళు. నాకేముందమ్మా, నేను ఎటూ వెనకే కదా."

వద్దండి అనాలి. ఆ మాట నాలిక మీదకి వచ్చింది కూడా. రెండు రోజులుగా దాన్ని ఎలా అనాలో నేర్చుకుంటూనే ఉన్నాను.

"సరేనండి" అన్నాను.

"మంచిదమ్మా. నెమ్మదిగా నడపండి" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

నా పేరే ఉంచమని రాసి పంపాను. ఆదివారం ఇరవై అయిదోది ఎవరికీ తగలకుండా పూర్తి చేశాను. శనివారం పై గది తెరుచుకుంది. అక్కడ అందరూ చాలా పద్ధతిగా నడిపేవాళ్ళు. పదకొండో స్థానం, తొమ్మిదో స్థానం, ఒకసారి నాలుగో స్థానం దాకా వచ్చాను. నోటిఫికేషన్ వచ్చి చదువులో పడేదాకా ఎనిమిది నెలలు నడిపాను. ఆ ఎనిమిది నెలల్లో నాకు ఎవరూ తగల్లేదు, నేనూ ఎవరికీ తగల్లేదు. రేపల్లెకి మళ్ళీ వెళ్ళలేదు. ఫోన్ కూడా చేయలేదు.

నెల రోజుల తర్వాత ఒక ఆదివారం, మూడు గంటల పందెం మొదలవబోతుండగా, బాపట్ల విద్యార్థుల్లో ఒకడు పక్క డబ్బాలో అడిగాడు, రేపల్లె పసుపు కారు రావడం లేదేంటి, ఎవరికైనా తెలుసా అని. మిగతా ముగ్గురూ తెలియదన్నారు. కాసేపాగి అతను నన్నే పేరు పెట్టి అడిగాడు.

నాకూ తెలియదని రాశాను.